బుగ్గ పోయింది.. గ్రిల్లులో దాగింది

సొంత కార్లకు ఎరుపు, నీలం మెరుపు దీపాలు.. అనుమతి ఎవరికి? శిక్ష ఎంత?

సూర్యాపేట: ఒకప్పుడు కారు నెత్తిన ఎర్రబుగ్గ తిరుగుతుంటే ఎదుటి వాహనాలు వాటంతటవే పక్కకు జరిగేవి. ఆ బుగ్గలకు 2017 మే 1తో కాలం చెల్లింది. రాష్ట్రపతి మొదలు మండల స్థాయి నాయకుని వరకు ఎవరి కారుపైనా అవి ఉండరాదని కేంద్రం నిబంధనలను సవరించింది. అయితే నెత్తి మీది నుంచి దిగిన బుగ్గ పూర్తిగా మాయం కాలేదు. ముందు గ్రిల్లు సందుల్లోకి, బంపరు లోపలికి, అద్దం వెనుక డ్యాష్‌బోర్డు పైకి చేరింది. ఆగి ఉన్నప్పుడు అది మామూలు కారే. మీట నొక్కితే మాత్రం ఎరుపు, నీలం మెరుపులు చిమ్ముతూ పోలీసు వాహనాన్ని తలపిస్తుంది. హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై సూర్యాపేట, కోదాడల మీదుగా రాత్రివేళ ప్రయాణించే వారికి ఇది కొత్త దృశ్యమేమీ కాదు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డుపై మిర్యాలగూడ వైపు వెళ్లే వారికీ పరిచితమే.

ఈ దీపాలు అమర్చుకున్న వారిలో చాలామందికి అది నేరమన్న ఎరుక లేదు. బయటికి కనిపించేలా ఉంటేనే తప్పు, లోపల ఉంటే పర్వాలేదన్న అపోహ బలంగా ఉంది. కారు అలంకరణ దుకాణాల్లో ఇవి బహిరంగంగా దొరకడం ఆ అపోహకు బలమిస్తున్నది. అమ్మకానికి ఉన్న వస్తువంతా వాడుకకు అనుమతి ఉన్నదే అయితే చిక్కే లేదు.

108వ నిబంధన ఏమంటున్నది?

వాహనాల దీపాల రంగుల గురించి 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 108వ నిబంధన చెబుతుంది. అంబులెన్సు నంబరూ అదే కావడం కేవలం యాదృచ్ఛికం. దీని మూలసూత్రం సులువైనది. ఏ వాహనమూ ముందువైపు ఎర్రని వెలుతురు చూపరాదు. వెనుకవైపు ఎరుపు తప్ప మరో రంగు చూపరాదు. మలుపు సూచించే పసుపు దీపం, వెనుకకు నడిపేటప్పుడు వెలిగే తెల్లదీపం, నంబరు పలకపై పడే వెలుతురు వంటివి మినహాయింపులు. నిబంధన దృష్టి వెలుతురు ఎటు, ఏ రంగులో పడుతున్నదన్న దానిపైనే తప్ప దీపం ఎక్కడ అమర్చారన్న దానిపై కాదు. గ్రిల్లు వెనుక నుంచి వచ్చినా, అద్దం వెనుక నుంచి వచ్చినా ముందుకు పడిన ఎర్రని వెలుతురు ఎర్రని వెలుతురే.

2017కు పూర్వం ఇదే నిబంధనలో ఉన్నత పదవుల్లోని వారి కార్లకు ఎర్రబుగ్గ మినహాయింపు ఉండేది. ఆ జాబితాలు రాష్ట్రాల్లో పెరుగుతూ పోయాయి. 2013 డిసెంబరు 10న అభయ్ సింగ్ కేసులో జస్టిస్ జి.ఎస్.సింఘ్వి, జస్టిస్ సి.నాగప్పన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ ధోరణిని తీవ్రంగా తప్పుబట్టింది. రాజ్యాంగ పదవుల్లో ఉన్నవారికి, అదీ విధి నిర్వహణలో ఉన్నప్పుడే ఎర్రబుగ్గ వర్తించాలని, పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపక వాహనాలకు నీలం, తెలుపు వంటి వేరే రంగులు వాడాలని తీర్పునిచ్చింది. మూడేళ్లకు పైగా గడిచిన తరువాత, 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం ఆ మిగిలిన మినహాయింపునూ ఎత్తివేయాలని నిర్ణయించింది.

ప్రస్తుతం ఎరుపు, నీలం, తెలుపు కలగలిసిన మెరుపు దీపాలకు అనుమతి ఉన్నది మూడు రకాల విధుల వాహనాలకే. మంటలను అదుపు చేసేవి మొదటివి. శాంతిభద్రతల విధుల్లో ఉన్న పోలీసు, సైనిక, పారామిలటరీ వాహనాలు రెండవవి. భూకంపం, వరద, తుపాను, రసాయన ప్రమాదం వంటి విపత్తుల నిర్వహణకు ప్రత్యేకించినవి మూడవవి. అవి సైతం విధిలో లేనప్పుడు దీపం వెలిగించరాదు. అనుమతి పొందిన సంస్థల జాబితాను రవాణా శాఖ ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఆ వాహనాల ముందు అద్దంపై అధికారిక స్టిక్కరు ఉండాలి. రోగులను తరలించే అంబులెన్సుకు ఊదారంగు గాజుతో కూడిన మెరుపు దీపం వేరుగా ఉన్నది. సర్పంచి, జడ్పీటీసీ, గుత్తేదారు, పాత్రికేయుడు, వైద్యుడు.. ఎవరి సొంత కారూ ఈ వరుసలో లేదు.

అమరిక ఎలా? ముప్పు ఎక్కడ?

చిన్న ఎల్ఈడీ పలకలను రేడియేటరు ముందున్న గ్రిల్లుకు బిగించి, తీగలను ఇంజను గది గుండా లోపలికి తెచ్చి, స్టీరింగు కింద ఒక మీటకు కలుపుతారు. మెరుపు వేగాన్ని నిర్ణయించే చిన్న డబ్బా మధ్యలో ఉంటుంది. అసలు చిక్కు ఈ తీగల వద్దనే. కంపెనీ అమర్చిన తీగలకు వాటి విద్యుత్ భారాన్ని బట్టి ఫ్యూజులు ఉంటాయి. బజారులో బిగించే దీపానికి చాలాసార్లు హెడ్‌లైటు తీగను కోసి, ఫ్యూజు లేకుండానే అతుకు వేస్తారు. రేడియేటరు వేడికి, వర్షపు నీటికి టేపు చుట్టిన ఆ అతుకు వదులవుతుంది. తీగ కారు ఇనుప భాగానికి తాకితే షార్ట్ సర్క్యూటై మంటలు చెలరేగే ప్రమాదం ఉన్నది. అప్పుడు వారంటీకి, బీమాకు కూడా చిక్కులు తప్పవు. తెలియజేయని మార్పు జరిగిందని బీమా సంస్థ అభ్యంతరం చెప్పవచ్చును.

రోడ్డుపై మరో ముప్పు ఉన్నది. చీకట్లో ఎదురుగా తీవ్రంగా మెరిసే నీలి వెలుతురు పడితే ఎదుటి డ్రైవరుకు కొన్ని క్షణాలు దారి కనిపించదు. రోడ్డంచున నిలిపిన లారీలు, దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీలు ఉండే మన రహదారులపై ఆ కొన్ని క్షణాలు ఎంత విలువైనవో వరి కోతల కాలంలో మిర్యాలగూడ రోడ్డు ఎక్కిన వారికి వివరించనక్కర లేదు.

అంబులెన్సుకు దారేదీ?

కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాల్లో ప్రమాదం జరిగినా, గుండెపోటు వచ్చినా, పరిస్థితి విషమిస్తే రోగిని హైదరాబాద్‌కో, విజయవాడకో, ఖమ్మానికో తరలించడం మామూలు. సూర్యాపేట, నల్లగొండల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినా ఆ ప్రయాణాలు ఆగలేదు. ఆ దూరమంతా రోగి ప్రాణం సైరను మోతపైన, మెరుపు దీపంపైన ఆధారపడి ఉంటుంది. 2021 మే నెలలో కోవిడ్ రెండవ విడత ఉధృతిలో కోదాడ సమీపాన రామాపురం క్రాస్‌రోడ్డు వద్ద ఆంధ్రప్రదేశ్ నుంచి వస్తున్న అంబులెన్సులను నిలిపివేసినప్పుడు, హైకోర్టు జోక్యం చేసుకునే దాకా రోగుల బంధువులు పడిన ఆవేదన ఈ ప్రాంతం మరువలేదు. అంబులెన్సుకు నిమిషాల విలువ ఏమిటో అప్పుడు అందరూ చూశారు. మెరిసే కారు ప్రతిసారీ ఎవరో నాయకుని అనుచరునిదే అని తేలినప్పుడు, దారి ఇచ్చే అలవాటు జనంలో సన్నగిల్లుతుంది. నష్టపోయేది నిజమైన అంబులెన్సులోని రోగి.

అంబులెన్సు, అగ్నిమాపక వాహనాలకు దారి ఇవ్వని వారికి 2019 నాటి సవరణ చట్టంలోని 194–ఇ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. నకిలీ మెరుపుల మధ్య అసలుదేదో పోల్చుకోవలసిన భారం కూడా ఆ సామాన్య డ్రైవరుదే కావడం విచిత్రం.

భద్రతకూ సంబంధమే

2001 డిసెంబరు 13న పార్లమెంటుపై దాడి చేసిన ముష్కరులు ఎర్రబుగ్గ బిగించి, నకిలీ హోంశాఖ స్టిక్కరు అంటించిన తెల్ల అంబాసిడర్ కారులో ఆవరణలోకి ప్రవేశించిన విషయం విదితమే. బుగ్గకు, స్టిక్కరుకు ఉన్న గౌరవమే వారికి ద్వారం తెరిచింది. నాగార్జునసాగర్ వంటి చోట ఈ కోణాన్ని తేలికగా తీసుకోవడానికి వీలులేదు. రెండు రాష్ట్రాల సరిహద్దున ఉన్న ఈ డ్యాం వద్ద 2023 నవంబరు చివర ఇరు రాష్ట్రాల పోలీసులు మోహరించి ఉద్రిక్తత నెలకొన్నది. ఆ వెంటనే కేంద్ర రిజర్వు పోలీసు దళాన్ని రప్పించవలసి వచ్చింది. అలాంటి వేళ అసలు పోలీసు వాహనమేదో, వేషం వేసిన ప్రైవేటు కారేదో మొదటి చూపులో తేలకపోతే జరిగే అనర్థం ఊహించవచ్చును.

అధికారులమే కదా అనుకున్నా మినహాయింపు లేదు. 2024 జూలైలో పుణెలో ఒక శిక్షణలోని ఐఏఎస్ అధికారిణి వాడిన ప్రైవేటు ఆడి కారుపై బుగ్గ ఉన్నదన్న వివాదం దేశమంతటా చర్చకు వచ్చి, ఆ కారును పోలీసులు స్వాధీనం చేసుకున్నారు.

శిక్షలు ఇవీ

అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి మోటారు వాహనాల చట్టం 182–ఎ(4) సెక్షను కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడే వీలున్నది. గ్రిల్లులో దీపం ఒక మార్పు. రకరకాల శబ్దాలు చేసే హారను మరొకటి, దానిని 119వ నిబంధన వేరుగా నిషేధించింది. ఆ దీపంతో తాను పోలీసునని నమ్మించి ఎవరినైనా ఆపినా, తనిఖీ చేసినా విషయం రవాణా శాఖ పరిధి దాటిపోతుంది. భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను ప్రకారం ప్రభుత్వోద్యోగిగా నటించి ఆ హోదాలో ఏదైనా చేయడానికి ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి.

ఈ దాగిన దీపాల అలవాటు విదేశాల నుంచి వచ్చినది. గుర్తులు లేని పోలీసు కార్లకు అక్కడ వీటిని వాడుతారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్వచ్ఛంద అగ్నిమాపక సభ్యులు సొంత కారుకు నీలిదీపం, స్వచ్ఛంద అంబులెన్సు సభ్యులు ఆకుపచ్చ దీపం పెట్టుకోవడానికి చట్టమే అనుమతిస్తున్నది. పిలుపు రాగానే ఇంటి నుంచి సొంత కారులోనే పరుగెత్తవలసిన వారు వారు. మన వద్ద అలాంటి స్వచ్ఛంద వ్యవస్థ లేదు, దానికి తగిన అనుమతీ లేదు.

మరి ఆపదలో ఏం చేయాలి?

కారు చెడిపోయి రోడ్డు పక్కన నిలిచినప్పుడు ప్రతి కారుకూ కంపెనీ అమర్చిన హజార్డ్ దీపాలు ఉన్నాయి. డ్యాష్‌బోర్డుపై ఎర్రని త్రికోణం గుర్తు ఉన్న మీట నొక్కితే నాలుగు మూలల పసుపు దీపాలూ ఒకేసారి మినుకుమంటాయి. దానితోపాటు వెలుతురును ప్రతిఫలించే త్రికోణాన్ని కారుకు తగినంత వెనుక నిలపాలి. సొంత కారులో రోగిని తరలించవలసి వస్తే 108కు ఫోను చేసి మధ్యదారిలో అంబులెన్సును కలుసుకునే ఏర్పాటు అడగవచ్చును. మెరుపు దీపం బిగించినంత మాత్రాన ఆ కారులోకి ఆక్సిజను రాదు.

సెకండ్ హ్యాండ్ కార్లు కొనేవారు ఒక విషయం గమనించాలి. పాత యజమాని బిగించిన దీపాలను తీసేసినా స్టీరింగు కింద మీట, ఇంజను గదిలో కోసిన తీగల చివరలు చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. కొనే ముందు బానెట్ ఎత్తించి, బ్యాటరీ నుంచి నేరుగా పోయే అదనపు తీగలు ఏమైనా ఉన్నాయేమో ఎలక్ట్రీషియనుతో చూపించుకోవాలి. ఉంటే వాటిని మొదలుకంటా తీయించి, తెగిన తీగకు సరైన ఫ్యూజు వేయించిన తరువాతే పేరు మార్పిడి కాగితాలపై సంతకం చేయడం క్షేమం. రిజిస్ట్రేషను పత్రంలో పేరు మారిన నాటి నుంచి ఆ మార్పులకు జవాబు చెప్పవలసినది కొత్త యజమానియే.