చావుకు కారణం ఎవరు? 1860 నాటి చట్టం, ఇవాళ్టి మన సైట్లు

సైట్లో ఎవరైనా పైనుంచి పడి చనిపోతే ఆ రాత్రి మన రూముల్లో వినపడేది ఒకటే మాట: "వాడి టైం బాగోలేదు." ఆఫీసు వైపు నుంచి వచ్చేది ఇంకో మాట: "వాడే బెల్టు తగిలించుకోలేదు." చట్టం ఈ రెండు మాటల దగ్గర ఆగిపోదు. చావుకి అసలు కారణం ఏమిటని అడుగుతుంది. ఆ ప్రశ్నకి పెద్ద చరిత్రే ఉంది.

మలేషియా పీనల్ కోడ్ మనకి పరాయిది కాదు. 1837లో మెకాలే కమిషన్ కలకత్తాలో రాసిన ముసాయిదా 1860లో ఇండియన్ పీనల్ కోడ్ అయింది. 1871లో పెనాంగ్, మలక్కా, సింగపూర్‌లకి దాదాపు దాన్నే చట్టంగా చేశారు. తరవాత మలయ్ రాష్ట్రాలకీ పాకింది. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి మన పెద్దవాళ్ళు రబ్బరు తోటలకి ఓడెక్కినట్టే ఈ చట్టమూ అటునుంచే సముద్రం దాటింది. అజాగ్రత్త వల్ల ప్రాణం తీసిన నేరానికి ఇక్కడ నేటికీ సెక్షన్ 304ఏ. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

అయితే అజాగ్రత్త ఉందని చూపిస్తే చాలదు. ఆ అజాగ్రత్తే ప్రాణం తీసిందని చూపించాలి. 1902లో బొంబాయి హైకోర్టులో సర్ లారెన్స్ జెంకిన్స్ ఒక కొలత పెట్టారు: ఆ పని చావుకి దగ్గరి కారణం, బలమైన కారణం అయి ఉండాలి, మధ్యలో ఇంకొకరి అజాగ్రత్త వచ్చి చేరకూడదు.

ఆ కొలత కూలివాళ్ళ విషయంలో ఎలా పనిచేసిందో కుర్బాన్ హుస్సేన్ కేసు చూపిస్తుంది. 1962 ఏప్రిల్‌లో బొంబాయిలో ఒక పెయింట్ ఫ్యాక్టరీ తగలబడి ఏడుగురు కార్మికులు చనిపోయారు. లైసెన్సు ఉన్నది వేడి చెయ్యకుండా రంగులు తయారుచెయ్యడానికి. లోపల మాత్రం బర్నర్లు వెలిగించి, పక్కనే టర్పెంటైన్, వార్నిష్ నిలవ పెట్టారు. ఆ రోజు పని చూస్తున్న మనిషి వేడి సరుకులో టర్పెంటైన్ తొందరగా పోశాడు, నురగ పొంగి మంట అంటుకుంది. సుప్రీంకోర్టు ఏమందంటే, దగ్గరి కారణం ఆ తొందరపాటు. మేనేజరు మీద 304ఏ నిలబడలేదు. నిప్పు విషయంలో అజాగ్రత్తకి పడిన శిక్ష మాత్రం మిగిలింది. మలేషియా కోర్టులు ఇండియా తీర్పులకి కట్టుబడి ఉండక్కర్లేదు గానీ, సెక్షన్ మాటలు ఒకటే కాబట్టి వాటిని చూస్తూ ఉంటాయి.

సివిల్ కోర్టు లెక్క వేరు. 1993 డిసెంబరు 11న కౌలాలంపూర్ పక్కన హైలాండ్ టవర్స్‌లో ఒక బ్లాకు కూలి 48 మంది చనిపోయారు. వెనక కొండ మీద నీళ్ళకి సరైన దారి లేదు, గోడలు నిలబడలేదు, జారిన మట్టిని పునాది ఆపలేకపోయింది. 2000లో హైకోర్టు డెవలపర్‌కి, ఇంజనీరుకి, పక్క స్థలాల వాళ్ళకి, ఇంకా కొందరికి బాధ్యతని శాతాల్లో పంచింది. క్రిమినల్ కేసులో ఇలా పంచడం కుదరదు. ఒక్కొక్క ముద్దాయి మీద విడివిడిగా, అనుమానం మిగలకుండా రుజువు కావాలి.

అంతమాత్రాన దారులన్నీ మూసుకుపోయినట్టు కాదు. 1994 నాటి పని భద్రత చట్టం కింద యజమాని జాగ్రత్త తీసుకోకపోవడమే నేరం, అదే చంపిందని రుజువు చెయ్యక్కర్లేదు. 2024 జూన్ 1 నుంచి దానికి జరిమానా 50,000 రింగిట్ల నుంచి 5 లక్షల దాకా పెరిగింది. 2019 నుంచి విదేశీ కార్మికులకీ పెర్కెసో ఉంది. పనిలో జరిగిన ప్రమాదానికి వచ్చే ఆ సొమ్ము కోసం యజమాని తప్పు నిరూపించే పని లేదు. చావు మీద మేజిస్ట్రేటు విచారణ జరిగితే, శవపరీక్షలో కనబడిన కారణం ఒక్కటే చూస్తే చాలదు. ఎవరైనా చట్టవిరుద్ధంగా చేసినదాని వల్ల గానీ, చెయ్యకపోవడం వల్ల గానీ ప్రాణం పోయిందా అన్నదీ చూడాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 328వ సెక్షన్ చెప్పేది ఇదే.

ఇది మాలాంటి సూపర్‌వైజర్లకీ తగిలే ప్రశ్నే. పైకి ఎక్కమని చెప్పేది మేమే. రెయిలింగ్ తీసేయమని మాకు చెప్పేది ఇంకెవరో. ఆ వరస అంతా బయటికి రాకపోతే కారణం ఎప్పుడూ చనిపోయినవాడి దగ్గరే ఆగిపోతుంది. వాడు లేచి చెప్పుకోలేడు కదా.

అందుకే చూసినవాళ్ళు చెప్పాలి. ఏ టైముకి, ఎవరు చెప్తే ఎక్కాడు, పరంజాకి పలక ఉందా, బెల్టు ఇచ్చారా, ఇస్తే తగిలించడానికి తాడు ఉందా. మర్చిపోకముందే తెలుగులోనైనా రాసి పెట్టుకోండి. పోలీసులు గానీ డోష్ ఆఫీసరు గానీ అడిగితే చూసింది చూసినట్టు చెప్పండి, విన్నది విన్నానని చెప్పండి. చదవడం రాని భాషలో రాసిన కాగితం మీద, తెలిసినవాళ్ళతో చదివించుకోకుండా సంతకం పెట్టకండి. ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలకి మనం ఇవ్వగలిగేది డబ్బు చందా ఒక్కటే కాదు. వాళ్ళబ్బాయి ఎలా పోయాడో నిజం కూడా ఇవ్వాలి.