కువైటు దినారు, భారత రూపాయి: మామిడికుదురు ప్రాంతపు దృష్టితో మారకపు విలువల చరిత్ర (1961–2024)

ద్రవ్యముల మారకపు విలువలను గూర్చిన చరిత్రలు సాధారణముగా రాజధానులయందు, ప్రభుత్వ శాసనములను, బ్యాంకుల పట్టికలను ముందిడుకొని వ్రాయబడుచున్నవి. కాని వైనతేయ గోదావరికి పడమట, కోనసీమ కొబ్బరితోటల నడుమ నున్న మామిడికుదురు మొదలుకొని రాజోలు వఱకు గల గ్రామములలో, కువైటునందు పరుల యిండ్ల పనిచేసి నెలనెలకు సొమ్ము పంపు స్త్రీపురుషుల కుటుంబములు పెక్కు గలవు. అచ్చట దినారు ధర యెంత యను ప్రశ్న కొబ్బరికాయల ధర యెంత యను ప్రశ్నతో సమానముగా వినవచ్చుచుండును. 1961లో పదమూడు రూపాయలకు కొంచెము మించిన దినారు 2024 నాటికి 270 రూపాయలు దాటినది. ఈ యిరువది రెట్ల పెరుగుదలను పంపువారి కష్టమునకు పెరిగిన ప్రతిఫలముగా నెంచుట సరికాదనియే ఈ వ్యాసమున నా ప్రతిపాదనము.

ఈ చరిత్రకు తొలిమెట్టు కువైటునందు గాక లండనునందు గలదు. 1926లో హిల్టన్ యంగ్ కమిషను చేసిన సిఫారసు ననుసరించి 1927 నాటి శాసనము రూపాయిని ఒక షిల్లింగు ఆఱు పెన్నీలకు స్థిరపఱచెను. పౌనునకు 240 పెన్నీలు గనుక పౌను వెల 13⅓ రూపాయలు, నాటి లెక్కలో రు. 13-5-4, అయినది. ఆ ధర భారతీయ ఉత్పత్తిదారునకు హానికరమని, షిల్లింగు నాలుగు పెన్నీలే ఉచితమని, ఆ కమిషను సభ్యుడైన పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ తన అసమ్మతిని వేఱుగా వ్రాసి యుంచెను. ఆయన వాదము నాడు చెల్లలేదు. 1949 సెప్టెంబరులో పౌనును, రూపాయియు కలసియే డాలరు నెదుట తగ్గింపబడుటచే ఈ నిష్పత్తి చెదరక నిలిచినది.

ఆ కాలమున కువైటులో చెలామణి యగుచుండినది మన రూపాయియే. (తాతల తరమువారు కూలికై పోయిన రంగము (రంగూను) నందును స్థితి యించుమించుగా ఇట్టిదే; బర్మా 1937లో వేఱుపడినను, జపానువారి ఆక్రమణ కాలము దక్క, 1947 వఱకు ఆ దేశపు ద్రవ్యవ్యవహారమును మన రిజర్వు బ్యాంకే నడపెను.) అయితే గల్ఫు రేవులలో బంగారము కొని, దొంగతనముగా భారతదేశమునకు చేర్చి అమ్మి, వచ్చిన నోట్లను మరల గల్ఫునకు తరలించు వ్యాపారము పెరుగగా, అచ్చటి బ్యాంకులు ఆ నోట్లను మన దేశమునకు పంపి స్టెర్లింగు కోరుచుండెడివి, మన విదేశీద్రవ్య నిల్వలు తఱిగిపోవుచుండెను. దీని నరికట్టుటకై 1959 మే నెలలో, గల్ఫునందు మాత్రమే చెల్లునట్టి వేఱు రంగుల నోట్లు, వరుససంఖ్యకు ముందు ‘జెడ్’ అక్షరముతో, వెలువడినవి. రెండేండ్లు తిరుగకమునుపే, 1961 ఏప్రిల్ 1న, కువైటు తన దినారును ప్రవేశపెట్టెను. దినారు పౌనుతో సమానము. వేయి ఫిల్సులు ఒక దినారు. రూపాయికి 75 ఫిల్సులు. లండనులో నిర్ణీతమైన 13⅓ యను సంఖ్యయే ఈ విధముగా దినారునకు తొలి ధర యయ్యెను.

1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గింపబడినప్పుడు డాలరు రు. 4.76 నుండి రు. 7.50 కును, దినారు 21 రూపాయలకును చేరినవి. మఱుసటి సంవత్సరము బ్రిటను పౌనును తగ్గించినను కువైటు గాని భారతదేశము గాని దాని ననుసరింపలేదు. పౌను 18 రూపాయలకు దిగగా దినారు 21 వద్దనే నిలిచెను. దినారు పౌను నీడను వీడినది ఆనాడే యని నా యభిప్రాయము.

1973 నాటి చమురు ధరల పెరుగుదల పిమ్మట గల్ఫునకు వలస విస్తరించినది. 1975లో రెండు దేశములును తమ ద్రవ్యములను వివిధ విదేశీద్రవ్యముల సముదాయములతో ముడిపెట్టగా, ఆ దశకపు ఉత్తరార్ధమున దినారు సుమారు 29, 30 రూపాయల నడుమ నిలుకడగా నుండెను. కాని ఆ ధర బ్యాంకు ధర మాత్రమే. 1973 నాటి విదేశీద్రవ్య నియంత్రణ చట్టపు కట్టుబాట్ల నడుమ హవాలా వర్తకుడు బ్యాంకు కంటె ఎక్కువ ధర నిచ్చుచుండెను గనుక, పట్టికలోని అంకెయు, ఇల్లు చేరిన అంకెయు ఒకటి కావు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించి, దినారును ఇరాకీ దినారుతో సమానమని ప్రకటించి, పిమ్మట రద్దు చేసెను. లక్షకు మించిన భారతీయులు అమ్మాను మీదుగా విమానములలో స్వదేశము చేరిరి. ఏండ్ల తరబడి కూడబెట్టిన దినార్లు మారకములేని కాగితములగుట కంటె క్రూరమైన మారకపు రేటు మఱియొకటి లేదు. విముక్తి యనంతరము 1991 మార్చి 24న కొత్తనోట్లు వెలువడి దినారు పూర్వపు విలువతోనే నిలువగా, ఆ జూలై నెల 1, 3 తేదీలలో రూపాయియే మరల తగ్గింపబడెను. ఆక్రమణకు ముందు సుమారు 60 రూపాయలున్న దినారు 1993లో నూఱు దాటినది.

ఇక ప్రతిఫలపు లెక్క. ఇంటి పనివారికి కువైటు ప్రభుత్వము 2016లో నిర్ణయించిన కనీస వేతనము నెలకు 60 దినార్లు. ఆ మొత్తమునే కొలబద్దగా గ్రహించినచో 1980 నాటి ధరకు 1,740 రూపాయలు, 2024 నాటి ధరకు 16,200 రూపాయలు వచ్చును. అనగా తొమ్మిది రెట్లకు కొంచెము పైన. ఆ కాలముననే మన పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచిక ఇరువది రెట్లకు మించి పెరిగినది. కనుక అదే 60 దినార్లు 2024లో కొను సరకు నాటి దానిలో సగము కూడ కాదు. కోనసీమ గృహిణికి సహజమైన తూకమున చెప్పవలెనన్న, పది గ్రాముల బంగారము సుమారు 1,330 రూపాయలున్న 1980లో ఆ సొమ్ము కాసున్నరకు పైగా తెచ్చెడిది. పది గ్రాములు 70,000 దాటిన 2024లో పావుకాసునకు కొంచెము మించి తెచ్చును. బంగారము ఇతర వస్తువుల కంటె మిక్కిలి పెరిగినది గనుక ఈ రెండవ కొలతను ఏకైక ప్రమాణముగా గొనరాదు. కాని వలసపోయినవారిలో అనేకులు బిడ్డల పెండ్లికై కూడబెట్టినది బంగారమే యగుటచే దీనిని విడుచుటయు న్యాయము కాదు. రూపాయి పడిపోయినప్పుడెల్ల గల్ఫు కుటుంబములకు లాభమని వ్రాయువారు, వేతనము దినార్లలో ఎంత పెరిగినదో ముందుగా విచారింపవలెను.

ఇంటింటికి నిజముగా చేరిన ధరకు సాక్ష్యములు పాత డ్రాఫ్టు రసీదులు, బ్యాంకు పాసుపుస్తకములు, పంపిన మొత్తము పేర్కొన్న ఉత్తరములు. మామిడికుదురు, నగరం, పాశర్లపూడి, తాటిపాక గ్రామముల కుటుంబములవారు వానిని పనికిరాని కాగితములని పారవేయక భద్రపఱుపవలెననియు, పరిశోధకులకు తేదీలతో సహా నకలు తీసికొన ననుమతింపవలెననియు ప్రార్థించుచున్నాను.