రెండో మెట్టు: షాంపేన్ టెన్నిస్ పోటీ కథ

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి ఫోన్ చేశాడు. "బడి జ్ఞాపకాలు మాత్రం వద్దురా, అవి ఇప్పటికే పాతిక వచ్చాయి. నీకు తెలిసిన విషయం ఏదైనా రాయి" అన్నాడు. నాకు కాస్తో కూస్తో తెలిసినవి రెండే. ఒకటి కాంక్రీటు, రెండోది టెన్నిస్. కాంక్రీటు గురించి రాస్తే మా మాస్టార్లు తప్ప ఎవరూ చివరిదాకా చదవరు. అందుకని టెన్నిస్ గురించి రాస్తున్నాను. అది కూడా వింబుల్డన్ గురించి కాదు. మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక చిన్న పోటీ గురించి. బడి జ్ఞాపకం ఒకటి చివర్లో వస్తుంది, కార్యదర్శి క్షమించాలి.

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగోకి దక్షిణంగా రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అర్బానా, షాంపేన్ అని జంట పట్టణాలున్నాయి. చుట్టూ కనుచూపు మేర మొక్కజొన్న, సోయా చేలు. మధ్యలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం. భౌతిక శాస్త్రంలో రెండుసార్లు, 1956లోనూ 1972లోనూ నోబెల్ అందుకున్న జాన్ బార్డీన్ అక్కడే పాఠాలు చెప్పాడు. బొమ్మలతో సహా ఇంటర్నెట్‌ను సామాన్యుడికి చూపించిన మొజాయిక్ బ్రౌజరు 1993లో అక్కడే పుట్టింది. నేను ఎం.ఎస్. చేసిందీ అక్కడే. ఆ ఊళ్లో 1996 నుంచి శీతాకాలపు ముంగిట ఇండోర్ హార్డ్ కోర్టుల మీద మగవాళ్ల ప్రొఫెషనల్ టెన్నిస్ పోటీ ఒకటి జరుగుతోంది. దాని స్థాయి పేరు 'చాలెంజర్'. అంటే రెండో శ్రేణి.

మెట్లు ఎలా వచ్చాయి

1968 దాకా వింబుల్డన్ వంటి పెద్ద పోటీల్లో డబ్బు కోసం ఆడేవాళ్లకి చోటు లేదు. ఆ ఏడాది తలుపులు తెరిచారు. అప్పటినుంచే 'ఓపెన్' యుగం అంటారు. ఆటగాళ్ల సంఘం ఏటీపీ 1972లో ఏర్పడింది. 1973 ఆగస్టులో కంప్యూటర్ ర్యాంకింగులు మొదలయ్యాయి. మొదటి నంబర్ వన్ రుమేనియాకి చెందిన ఇలీ నస్తాసే. అంతకుముందు ఏ పోటీలోకి ఎవరిని పిలవాలో నిర్వాహకుల ఇష్టం. ఇప్పుడు అంకె చెబుతుంది.

అంకె వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. పెద్ద పోటీలో ఆడాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు రావాలంటే పోటీలో ఆడాలి. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం అని ఇంజనీరింగు పాసయిన కొత్తలో మనమంతా తిరిగినట్టే. ఆ చిక్కు విప్పడానికి 1978లో చాలెంజర్ పోటీలు పెట్టారు. మొదటి ఏడాది 18 జరిగాయి. మొట్టమొదటివి జనవరిలో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో, ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌లో. వాటికి కింద శాటిలైట్ సర్క్యూట్లుండేవి. ఒక దేశంలో కొన్ని వారాలు వరసగా ఆడితేగాని పాయింట్లు చేతికి రావు. మధ్యలో జబ్బు చేస్తే అంతా వృథా. 1998లో వారం వారం పాయింట్లిచ్చే ఫ్యూచర్స్ పోటీలు మొదలై, క్రమంగా శాటిలైట్ల స్థానం తీసుకున్నాయి.

ఈ మెట్ల లెక్క ఒకసారి చూడండి. గ్రాండ్ స్లామ్ గెలిస్తే 2000 పాయింట్లు. ఏటీపీ టూరులో కింది స్థాయి పోటీ గెలిస్తే 250. చాలెంజర్లలో ఇప్పుడు 50, 75, 100, 125, 175 అని స్థాయిలున్నాయి. 75 స్థాయి పోటీలో ఐదు మ్యాచ్‌లు వరసగా గెలిచి కప్పు ఎత్తినవాడికి దక్కేది 75 పాయింట్లే. మరి దానికోసం ఎందుకంత పాకులాట? గ్రాండ్ స్లామ్ ప్రధాన పోటీలో 128 మంది ఆడతారు. అందులో 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు, 16 మంది క్వాలిఫయింగ్ గెలిచి వస్తారు, 8 మందికి వైల్డ్ కార్డులిస్తారు. అంటే వందో ర్యాంకు దగ్గర ఒక గీత ఉంది. గీతకి పైనుంటే ఏడాదికి నాలుగుసార్లు, మొదటి రౌండులో ఓడినా కోచ్‌కి, ప్రయాణాలకి సరిపోయే డబ్బు వస్తుంది. గీతకి కింద ఉంటే సొంత డబ్బుతో తిరగాలి. ఆ గీత దాటించే 75 పాయింట్ల విలువ అక్కడ ఆడేవాడికే తెలుస్తుంది.

మన సుమిత్ నాగల్ సంగతి గుర్తుండే ఉంటుంది. 2023 సెప్టెంబరులో, దేశంలో నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడై ఉండీ, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే ఉన్నాయని చెప్పాడు. నాలుగు నెలలు తిరిగేసరికి 2024 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ని ఓడించాడు. 1989లో రమేశ్ కృష్ణన్ విలాండర్‌ని ఓడించాక గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో ఒక భారతీయుడు సీడెడ్ ఆటగాణ్ణి ఓడించడం అదే మొదలు. మరుసటి నెలలో చెన్నై చాలెంజర్ గెలిచి వంద లోపు ర్యాంకులోకి వచ్చాడు. గీత దాటించింది చెన్నైలో జరిగిన రెండో శ్రేణి పోటీయే.

కప్పు కింద ఆట

నవంబరులో ఇల్లినాయ్‌లో బయట టెన్నిస్ ఆడలేరు. గాలికి చెవులు తిమ్మిరెక్కుతాయి. అందుకే పోటీ విశ్వవిద్యాలయం వారి యాట్కిన్స్ టెన్నిస్ సెంటర్‌లో, కప్పు కింద జరుగుతుంది. పోటీ మొదలైన కొత్తలో ఒక సాయంత్రం ల్యాబ్ మిత్రుడు లాక్కెళితే వెళ్లాను. నిజం చెప్పాలంటే వెచ్చగా ఉంటుందని వెళ్లాను. ముందు నా కళ్లు పైకప్పు మీదికి పోయాయి. కోర్టుల మధ్యలో స్తంభం లేకుండా అంత వెడల్పు ఎలా దాటించారా అని. తర్వాత చప్పుడు వినబడింది. కప్పు కింద బంతి చప్పుడు బయటి చప్పుడులా ఉండదు. ప్రతి దెబ్బా గది మొత్తం మోగుతుంది.

ఇండోర్‌లో గాలి లేదు, ఎండ లేదు. సర్వీసుకి బంతి ఎగరేస్తే ఎగరేసిన చోటికే వస్తుంది. కనుక గట్టిగా సర్వీసు చేసేవాడిదే పైచేయి. ఈ గీత నుంచి ఆ గీతకి 78 అడుగులు, అంటే 23.77 మీటర్లు. గంటకి 200 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 55 మీటర్ల పైనే. గాలి నిరోధం, నేల మీద పడ్డప్పుడు తగ్గే వేగం కలిపి చూసుకున్నా, ఎదుటివాడికి సెకను మొత్తం దొరకదు. 6 అడుగుల 11 అంగుళాల పొడవున్న రైలీ ఒపెల్కా 2018లో ఇక్కడ గెలిచాడంటే ఆశ్చర్యం లేదు. ఒకప్పుడు ఇండోర్ అంటే కార్పెట్ కోర్టు కూడా. బంతి దానిమీద తక్కువ ఎత్తులో జారిపోయేది. పై శ్రేణి పోటీల్లో 2009 నుంచి కార్పెట్ మానేశారు. యూరప్‌లోని కొన్ని చాలెంజర్ ఊళ్లలో మాత్రం ఆ తర్వాతా చాలా ఏళ్లు మిగిలింది.

ఆ సాయంత్రం నన్ను కట్టిపడేసింది మాత్రం వేగం కాదు. చూడటానికి వచ్చినవాళ్లు కొద్దిమందే. ఒక ఆటగాడు ఓడిపోయి, తన సంచీ తనే సర్దుకుని, రాకెట్లు భుజాన వేసుకుని మా ముందు నుంచే ఒంటరిగా వెళ్లిపోయాడు. టీవీలో చూసే టెన్నిస్‌లో ఇది కనబడదు. వచ్చే వారం ఇంకో ఊరు, మళ్లీ మొదటి రౌండు. వాడి ముఖం చూస్తే నాకు మా బ్యాచ్‌లో ఒకడు గుర్తొచ్చాడు. ఆ సంగతికి వస్తాను.

అక్కణ్ణుంచి బయల్దేరినవాళ్లు

ఆ రోజుల్లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం జట్టు కోచ్ క్రెయిగ్ టైలీ, దక్షిణాఫ్రికా మనిషి. 2003లో ఆయన జట్టు ఆడిన 32 మ్యాచ్‌లూ గెలిచి అమెరికా కాలేజీల జాతీయ చాంపియన్ అయింది. ఆ ఏడాది కాలేజీల సింగిల్స్ టైటిల్ ఆ జట్టులోని ఆమెర్ డెలిచ్‌ది. డబుల్స్ టైటిల్ అదే జట్టులోని బ్రయన్ విల్సన్, రాజీవ్ రామ్‌లది. రాజీవ్ తల్లిదండ్రులు బెంగళూరు నుంచి వెళ్లినవాళ్లు. ఇతనే తర్వాత జో సాలిస్‌బరీతో కలిసి 2021, 2022, 2023 యూఎస్ ఓపెన్ డబుల్స్ వరసగా గెలిచాడు. ఓపెన్ యుగంలో అంతకుముందు ఏ జంటా అక్కడ వరసగా మూడు గెలవలేదు. కొన్నేళ్లకి అదే జట్టులో ఆడిన కెవిన్ ఆండర్సన్ 2017 యూఎస్ ఓపెన్, 2018 వింబుల్డన్ ఫైనల్స్ దాకా వెళ్లాడు. టైలీ 2005లో ఆస్ట్రేలియా వెళ్లి, ఆస్ట్రేలియన్ ఓపెన్ నడిపే బాధ్యత అందుకున్నాడు.

ఇప్పుడు షాంపేన్ ఒంటరి పోటీ కాదు. టెనెస్సీలో నాక్స్‌విల్ 2004లో, వర్జీనియాలో షార్లట్స్‌విల్ 2009లో వచ్చి చేరాయి. మూడూ విశ్వవిద్యాలయ పట్టణాలే, మూడూ ఇండోరే. షార్లట్స్‌విల్ అంటే మన సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ చదువుకున్న ఊరు. 2007, 2008లలో వరసగా కాలేజీల సింగిల్స్ చాంపియన్ అయ్యాడు. 2022లో ఈ మూడు ఊళ్లలో మూడు వారాలు వరసగా టైటిల్ గెలిచినవాడు ఫ్లోరిడా కుర్రాడు బెన్ షెల్టన్. షాంపేన్‌లో కప్పు ఎత్తేసరికి వంద లోపు ర్యాంకులోకి వచ్చాడు. అప్పటికి ఆ అబ్బాయి అమెరికా దాటి వెళ్లలేదు. రెండు నెలల తర్వాత మొదటిసారి విదేశం వెళ్లి ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్ ఆడాడు. ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ సెమీస్.

ఇక మనవాళ్లు. 2024 షాంపేన్ ఫైనల్లో ఈథన్ క్విన్ గెలిచాడు. ఓడినవాడి పేరు నిశేష్ బసవారెడ్డి. తల్లిదండ్రులు మన నెల్లూరు నుంచి వెళ్లినవాళ్లు. అబ్బాయి కాలిఫోర్నియాలో పుట్టి, రాజీవ్ రామ్ పెరిగిన ఇండియానా రాష్ట్రపు కార్మెల్‌లోనే పెరిగాడు. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడాడు. ఆ సీజన్ చాలెంజర్లలో కూడబెట్టిన పాయింట్లతో ఆస్ట్రేలియన్ ఓపెన్ వైల్డ్ కార్డు సంపాదించాడు. 2025 జనవరిలో మొదటి రౌండులో ఎదురైనవాడు నొవాక్ జొకోవిచ్, అక్కడ పదిసార్లు చాంపియన్. మొదటి సెట్టు మనవాడు 6-4తో గెలిచాడు. తర్వాతి మూడూ జొకోవిచ్‌వి. నేను తెల్లవార్లూ కూర్చుని చూశాను. ఆ పోటీ నడిపిస్తున్న టైలీ, ఒకప్పుడు నేను చలికి తలదాచుకున్న ఆ కప్పు కిందే కుర్రాళ్లకి ఆట నేర్పిన మనిషి అని నా పక్కన కూర్చున్న మా ఆవిడకి చెప్పాను. ఆవిడ "సరేగాని, కాఫీ తాగుతారా" అంది.

ఇంట్లో నుంచే అంత దూరం వెళ్లినవాడు మన సాకేత్ మైనేని. అలబామా విశ్వవిద్యాలయంలో ఆడి, తిరిగొచ్చి, 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్ గెలిచి వచ్చి, మొదటి రౌండులో కండరాలు పట్టేసి ఐదో సెట్టులో ఓడాడు. తన ఆటలో ఎక్కువ ఏళ్లు గడిపింది చాలెంజర్లలోనే.

సెంట్రింగు

స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగు కడతాం. స్లాబు తన బరువు తను మోసుకునేదాకా అది మోస్తుంది. తర్వాత విప్పేస్తాం, గృహప్రవేశానికి వచ్చినవాళ్లకి అది కనబడదు. తొందరపడి ముందే లాగేస్తే స్లాబు వంగిపోతుంది, ఆ తప్పు సిమెంటుది కాదు. రెండో శ్రేణి పోటీలు చేసే పని ఇదే. 2020లో కరోనా వల్ల షాంపేన్ పోటీ జరగలేదు. ప్రపంచం పెద్దగా గమనించలేదు. గీత దగ్గర నిలబడినవాళ్లు గమనించి ఉంటారు.

ఇప్పుడు బడి జ్ఞాపకం. మా 1987 బ్యాచ్‌లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు ఒకడుండేవాడు. పేరు రాయను, వాడికి ఇష్టం ఉండదు. మీలో చాలామందికి తెలుసు. సాయంత్రం గంట కొట్టాక వాడి ఆట చూడటానికి మాస్టార్లు కూడా ఆగేవాళ్లు. జిల్లా స్థాయికి వెళితే డ్రిల్లు మాస్టారు తన జేబులోంచి బస్సు చార్జీలు పెట్టుకున్నారు. రాష్ట్ర ఎంపికలకి పిలుపొచ్చింది. పది రోజుల క్యాంపు. రైలు చార్జీలు, బూట్లు, తిండి ఖర్చు. మాస్టారికి ముగ్గురు పిల్లలు, అప్పటికే ఒకసారి పెట్టారు. వాళ్ల నాన్న కూలి పనికి వెళ్లేవాడు. వాడు వెళ్లలేదు. అప్పుడు నా దగ్గర సైకిలు కోసం దాచుకున్న డబ్బుంది. వాడు అడగలేదు, నేను ఇవ్వలేదు. మరుసటి నెల సైకిలు కొన్నాను.

వాడు వెళ్లి ఉంటే ఏమయ్యేవాడో చెప్పలేను. మొదటి రౌండులోనే తిరిగొచ్చేవాడేమో. షాంపేన్‌లో చూసిన ఆటగాడిలా సంచీ సర్దుకుని వచ్చేవాడేమో. కాని ఆ తేలడమేదో కోర్టులో తేలేది.

మన సంఘం ఈ 50 ఏళ్లలో పదో తరగతిలో ఫస్టు వచ్చినవాళ్లకి బహుమతులిచ్చింది, గదులు కట్టించింది. మంచి పనులే. ఈ సంచిక ద్వారా కార్యవర్గం ముందు ఒక మాట పెడుతున్నాను. ఆటలోగాని, సైన్స్ ఫెయిర్‌లోగాని, పాటల పోటీలోగాని మన బడి పిల్లలెవరైనా జిల్లా దాటి పైమెట్టుకి ఎంపికైతే రానూపోనూ చార్జీలు, తిండి, కావలసిన సరంజామా సంఘమే ఇవ్వాలి. గెలుస్తారా లేదా అని అడగకూడదు. డ్రిల్లు మాస్టారు సంతకం చేస్తే చాలాలి. మొదటి చందాగా, ఇప్పటి ధరకి ఒక మంచి సైకిలు ఎంతవుతుందో కనుక్కుని, ఆ మొత్తం కోశాధికారికి పంపాను.