రైలు వేగమూ, విద్యుత్ పరివర్తకమూ

బచ్చన్నపేట మండలం జనగామ జిల్లాలోనిది. జిల్లా కేంద్రమైన జనగామ మీదుగా సికింద్రాబాదు - కాజీపేట రైలు మార్గం పోతుంది. నిజాం ప్రభుత్వ హామీతో ఏర్పడిన రైల్వే 1886లో ఈ మార్గాన్ని వరంగల్లు దాకా పొడిగించింది. ఆనాడు దీనిపై నడిచినవి ఆవిరి ఇంజన్లు. 2023 జనవరి 15న ఇదే మార్గంలో సికింద్రాబాదు - విశాఖపట్నం వందే భారత్ రైలు ప్రారంభమైంది. దానికి వేరుగా ఇంజను లేదు. పెట్టెల కిందనే మోటార్లు ఉన్నవి. ఆ మోటార్లను అదుపులో ఉంచే విద్యకే పవర్ ఎలక్ట్రానిక్స్ అని పేరు.

రైలును లాగే మోటార్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఏకముఖ విద్యుత్తుతో తిరిగేది. వోల్టేజిని హెచ్చించీ తగ్గించీ దాని వేగాన్ని సులభంగా మార్చవచ్చును. కాని దానిలోని కమ్యుటేటరూ, దానిని రాసుకొనే కర్బనపు బ్రష్షులూ అరిగిపోతాయి; నిప్పురవ్వలు లేస్తాయి. రెండవది 1888లో నికోలా టెస్లా పేటెంట్లు పొందిన ప్రేరణ మోటారు. దీనికి కమ్యుటేటరు లేదు, తేలిక, గట్టి. చిక్కల్లా ఒక్కటే. దీని వేగం విద్యుత్తు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. నాలుగు ధ్రువాల మోటారుకు సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తు ఇస్తే, లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఇరుసు కొంచెం వెనుకబడి దానిని అనుసరిస్తుంది. వేగాన్ని చక్కగా మార్చవలెనంటే పౌనఃపున్యాన్నే మార్చవలెను.

1903 అక్టోబరులో బెర్లిను సమీపాన మారియెన్‌ఫెల్డె - జోసెన్ మార్గంపై ప్రేరణ మోటార్లు గల బండి గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నది. అయితే మూడు దశల విద్యుత్తు కోసం దారి పొడుగునా మూడు తీగలు కట్టవలసి వచ్చింది. పౌనఃపున్యం విద్యుత్కేంద్రంలో నిర్ణయమయ్యేది. బండి నడిపేవాని చేతిలో లేదు. 1964లో జపానులో టోక్యో - ఒసాకా మధ్య అదే వేగంతో నిత్యం నడవసాగిన రైళ్లకు సైతం ఏకముఖ మోటార్లనే వాడారు. మంచి మోటారు ఉన్నది. దాని పగ్గం మాత్రం దొరకలేదు.

ఆ పగ్గం అర్ధవాహకాల నుండి లభించింది. 1957లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో సిలికాన్ థైరిస్టర్ తయారైంది. కదిలే భాగమేదీ లేని స్విచ్చి ఇది. తరువాత, సంకేతమిస్తే ప్రవాహాన్ని ఆపగల జి.టి.ఓ. థైరిస్టర్, ఇంకా చురుకైన ఐ.జి.బి.టి. వచ్చాయి. పై తీగలోని 25,000 వోల్టులను ట్రాన్స్‌ఫార్మర్ తగ్గిస్తుంది. పరివర్తకం ఆ విద్యుత్తును మొదట ఏకముఖంగా మార్చి, తరువాత సన్నని తునకలుగా కోసి, కావలసిన పౌనఃపున్యం గల మూడు దశల విద్యుత్తుగా కూరుస్తుంది. తీగ ఒక్కటే చాలును. 1992లో జపాను ఈ పద్ధతిలో గంటకు 270 కిలోమీటర్ల వేగంగల రైళ్లను నడిపింది.

మన దేశంలో 1925లో బొంబాయిలో 1500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో రైళ్లు మొదలైనవి. 1957లో 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తును ఎన్నుకొన్నారు. తొలి ఇంజన్లలో పాదరసపు ఆవిరి రెక్టిఫయర్లు, తరువాత సిలికాన్ డయోడ్లు ఉండేవి. మోటార్లు మాత్రం ఏకముఖమైనవే. 1993లో ఏ.బి.బి. సంస్థతో ఒప్పందం కుదిరి, ప్రేరణ మోటార్ల ఇంజన్లు దిగుమతి అయినవి. 1998 నుండి చిత్తరంజన్‌లో వాటిని తయారుచేయసాగారు. 2018లో మద్రాసు పెరంబూరు కర్మాగారం నిర్మించిన తొలి వందే భారత్ రైలుకు మోటార్లను నడిపించే సామగ్రిని అందించినది హైదరాబాదులోని మేధా సర్వో డ్రైవ్స్ సంస్థ. దిగుమతి చేసుకొన్న విద్య పాతికేళ్లలో తెలుగునాట చేతిపని అయింది.

ఈ రంగంలోని ఇంజనీరుకు ప్రధాన శత్రువు వేడి. ఒక పరివర్తకం నూటికి 98 వంతుల దక్షతతో వెయ్యి కిలోవాట్లు అందిస్తున్నదనుకొందాము. మిగిలిన రెండు వంతులే సుమారు 20 కిలోవాట్ల వేడి. అంటే ఇరవై విద్యుత్ పొయ్యిలు ఒకేసారి మండినట్లు. పెట్టె కింద ఇరుకు చోటులో, ఎండలో, దుమ్ములో, అదురులో ఆ వేడిని తొలగించవలెను. చల్లదనం చాలకపోతే సిలికాన్ పలక క్షణంలో పాడై, బండి దారిలో నిలిచిపోవచ్చును.

రైలు ఆగేటప్పుడు ఇదే యంత్రం తలక్రిందులుగా పనిచేస్తుంది. మోటారు జనకమై, బండి గతిశక్తిని విద్యుత్తుగా మార్చి తిరిగి తీగలోనికి పంపుతుంది. జనగామ దారిలో రైళ్ల వేగం జపాను రైళ్ల వేగానికి ఇంకా చాలా తక్కువ. అయినా సూత్రం ఒక్కటే. అది పాఠశాలలో అయస్కాంతమూ తీగచుట్టతో ఉపాధ్యాయుడు చూపే ఫారడే ప్రేరణ సూత్రమే.