కిటికీలోని ఇల్లాలు

టెలివిజన్ హాస్యనాటికలనగానే లూసిల్ బాల్ పేరు చెప్పుట వాడుక. ఆమె నాటిక 1951లో మొదలయినది. దానికి రెండేండ్లకు పూర్వమే, 1949 జనవరిలో, న్యూయార్కు నగరమున ఒక స్త్రీ తాను వ్రాసి, తానే ముఖ్యపాత్ర ధరించిన కుటుంబ హాస్యనాటికను టెలివిజనుకు తెచ్చినది. ఆమె పేరు గెర్‌ట్రూడ్ బెర్గ్.

ఆమెయెడ మాకు కొంత పక్షపాతము కలదు. మొదట ఆమె మా రేడియో మనిషి. 1899లో ఒక యూదు కుటుంబమున జన్మించి, కాట్‌స్కిల్ కొండలలో తండ్రి నడిపిన వేసవి విడిదిలో అతిథుల కాలక్షేపమునకు చిన్న చిన్న నాటికలల్లెడిది. 1929 నవంబరు 20న ఎన్.బి.సి. రేడియోలో ఆమె 'గోల్డ్‌బర్గ్స్' ప్రారంభమయినది. వాల్‌స్ట్రీటు కూలి అప్పటికి నెలయైనను కాలేదు. బ్రాంక్సులోని ఒక వాటాలో మాలీ అను ఇల్లాలు, భర్త జేక్, ఇద్దరు బిడ్డలు, ఒక ముసలి బంధువు: ఇంతే సంసారము. గుడ్డు పగులు చప్పుడు కావలసినచోట మైకు ముందు నిజమైన గుడ్డునే పగులగొట్టించెడిదట. దొంగచప్పుళ్లతో పొద్దుపుచ్చు మేము కొంచెము సిగ్గుపడవలసిన మాట.

1939 వసంతమున ఒకనాటి ప్రసారములో, పాసోవర్ పండుగ విందు జరుగుచుండగా కిటికీ అద్దమును పగులగొట్టుకొని ఒక రాయి లోపలబడినది. జర్మనీలో యూదుల అంగళ్లు ధ్వంసమై అప్పటికి అయిదారు నెలలు. మాలీ బిడ్డలను ఊరడించినది, విందు ఆగలేదు.

టెలివిజనులో ఆ కిటికీయే ఆమెకు రంగస్థలమయినది. అందుండి బయటికి వంగి పొరుగమ్మను పిలిచినట్లే చూచువారిని పలుకరించి, ఖర్చు భరించు కంపెనీవారి కాఫీని గూర్చియు నాలుగు మాటలు చెప్పెడిది. ముచ్చట యెక్కడ ముగిసి అమ్మకమెక్కడ మొదలయినదో తెలియదు. 1951లో ఉత్తమనటిగా ఎమీ బహుమతి పొందినది.

అంతలో చిక్కు వచ్చిపడినది. 1950 జూనులో 'రెడ్ ఛానెల్స్' అను పుస్తకము 151 మంది కళాకారులను, ప్రసారకులను కమ్యూనిస్టు సానుభూతిపరులని అనుమానించుచు పేర్కొన్నది. జేక్ వేషధారి ఫిలిప్ లోబ్ అందొకడు. నటుల సంఘమున చురుకుగా పనిచేసినవాడు. అతనిని తొలగింపుమని కాఫీ కంపెనీ కోరగా ఆమె నిరాకరించినది. 1951లో కంపెనీ తప్పుకొన్నది, సి.బి.యస్. నాటికను నిలిపివేసినది. నెలల తరబడి వేరొక పోషకుడు దొరకలేదు. తుదకు లోబ్ పరిహారము పుచ్చుకొని తొలగినాడు. 1952లో మరియొక జేక్‌తో నాటిక ఎన్.బి.సి.లో మరల వచ్చినది.

ఆమె లొంగినదనువారు కలరు. నాటికపై పలువురి కూడు ఆధారపడియుండినది. అయినను మేమామెను పూర్తిగా సమర్థింపలేము, నిందింపను లేము. జబ్బుపడిన కుమారుని పోషణభారము మోయుచుండిన లోబ్, పని దొరకక, 1955లో ఒక హోటలు గదిలో ఆత్మహత్య చేసికొన్నాడు. మరుసటి యేడు నాటికయు ముగిసినది.

బెర్గ్ పిమ్మట రంగస్థలమునకు వెళ్లి 1959లో టోనీ బహుమతి నందుకొని, 1966లో మరణించినది. తొలినాటి ప్రసారములలో కొన్ని మాత్రమే కినిస్కోపు ఫిల్ములపై మిగిలినవి. వానిలో జేక్ ఫిలిప్ లోబే.