శారద లేఖలు వ్రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మ

బాపట్లలో 1896లో జన్మించిన కనుపర్తి వరలక్ష్మమ్మగారికి 1909లోనే, అనగా పన్నెండు పదమూడేండ్ల ప్రాయంలో, వివాహం జరిగింది. ఈ సంగతి ఎరిగి చదివితేనే ఆమె 'శారద లేఖలు' బరువు తెలుస్తుంది. మద్రాసులో డాక్టర్ కేసరిగారు నడిపిన 'గృహలక్ష్మి'లో 1928 మొదలు, శారద తన స్నేహితురాలు కల్పలతకు వ్రాసే జాబులుగా అవి వెలువడ్డాయి. లేఖారూపంలో చెప్పిన హితవు ఎంత లోతుకు దిగుతుందో కాపరులకు వేరే చెప్పనక్కరలేదు.

బాలికల వివాహ వయస్సును 14 ఏండ్లుగా నిర్ణయించిన 1929 నాటి శారదా చట్టాన్ని (ఆ పేరు హరవిలాస శారదాది, మన శారదది కాదు) సనాతనులు ధర్మవిరుద్ధమని నిరసిస్తుండగా, ఆమె దానిని సమర్థించారు. విడాకుల విషయాన్నీ చర్చించారు. ఆమె కవయిత్రి కూడ. అయితే అసలు బలం ఈ వచనంలోనే ఉందని నా అభిప్రాయం. వ్రాతతో ఆగక 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించారు. 'గృహలక్ష్మి' స్వర్ణకంకణం 1934లో మొట్టమొదట ఆమెకే లభించింది.