విత్తనము ఎట్లు మేల్కొనును?

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు చినుకులు పడగానే జైనూర్ ప్రాంతపు రైతునకు ప్రతి సంవత్సరము ఒకే ప్రశ్న ఎదురగును. ఈ వానకే విత్తవలెనా? మరియొక వాన కొరకు ఆగవలెనా? ఇచటి చేలు అధికభాగము వర్షాధారములు. తొందరపడి విత్తిన పిదప వాన పది పన్నెండు దినములు మొగము చాటు చేసినచో, పత్తియైనను జొన్నయైనను మట్టిలోనే చెడును. మరల విత్తనములు కొనవలసివచ్చును. ఆగినచో అదను దాటిపోవును. ఈ ప్రశ్నకు సమాధానము విత్తనము లోపల జరుగు మార్పులలో ఉన్నది. ఆ మార్పులను తెలిసికొనుటకు మానవునకు రెండువేల ఏండ్లకు పైగా పట్టినది.

శాస్త్రము పుట్టకముందే రైతు విత్తనమును గౌరవించెను. జైనూర్ మండలములోని మార్లవాయిలో నివసించి గోండుల జీవితమును పరిశీలించిన హైమన్‌డార్ఫ్, 1948లో ప్రకటించిన తన గ్రంథములో వారి సేద్యమునకును, దైవపూజకును గల సన్నిహిత సంబంధమును వర్ణించినాడు. ప్రాచీనులు విత్తనమును త్వరగా మొలిపించు ఉపాయములను కూడ వెదకిరి. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమునకు చెందిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్, దోస గింజలను నీటిలోగాని పాలలోగాని నానబెట్టినచో త్వరగా మొలచునని వ్రాసెను. మన వరాహమిహిరుడు ఆరవ శతాబ్దములో బృహత్సంహితయందలి వృక్షాయుర్వేదాధ్యాయములో, విత్తనములను పది దినములు పాలలో ఉంచి, పేడలో పొర్లించి నాటు విధానమును చెప్పెను. వీరికి ఫలితము తెలియును, కారణము తెలియదు.

కారణమును వెదకుట సూక్ష్మదర్శినితో ఆరంభమైనది. 1672లో ఇంగ్లండు దేశీయుడు నెహెమియా గ్రూ తన గ్రంథమును చిక్కుడుజాతి గింజను చీల్చి చూపుటతోనే మొదలుపెట్టెను. గింజలో ముందుగానే ఒక చిన్న మొక్క అమరియున్నది. దానికి ప్రథమమూలము, ప్రథమకాండము, బీజదళములు కలవు. అదే కాలమున ఇటలీలో మాల్పిజీ మొలకల బీజదళములను త్రుంచివైచి చూచెను. మొక్కలు సరిగా పెరుగలేదు. కావున బీజదళములు పసిమొక్కకు దారిబత్తెము వంటివని తేలినది.

ఆ దారిబత్తెము ఖర్చగుటకు గాలి కావలెను. 1804లో జెనీవా నగరవాసి సొస్యూర్, మొలకెత్తు గింజలు ఆమ్లజనిని గ్రహించి బొగ్గుపులుసు వాయువును విడుచునని కొలతలతో నిరూపించెను. అనగా గింజ మనవలెనే ఊపిరి పీల్చును. నల్లరేగడిలో నీరు నిలిచినచోట మొలక మురిగిపోవుటకు ముఖ్యకారణ మిదియే.

గింజ ఎట్లు పడినను వేరు క్రిందికే ఏల పోవును? 1806లో నైట్ అను ఆంగ్లేయుడు గింజలను నీటితో తిరుగు చక్రమునకు కట్టి మొలిపించెను. చక్రవేగమునకు వేళ్లు బయటివైపునకు, కాండములు ఇరుసువైపునకు పెరిగెను. మొలకకు దారి చూపునది భూమ్యాకర్షణయేనని దీనివలన తెలిసినది.

గట్టి పిండిపదార్థము మొలకకు ఆహారమగు విధము తరువాత తెలిసినది. రాగులను మొలకెత్తించి పిండి చేసినచో తీయదనము వచ్చుట మన ఇండ్లలో అందరెరిగినదే. 1833లో ఫ్రెంచి రసాయనికులు పాయెన్, పెర్సో అను వారు, మొలకెత్తిన బార్లీనుండి పిండిని చక్కెరగా మార్చు పదార్థమును వేరుచేసి ‘డయాస్టేసు’ అని పేరిడిరి. ఎంజైములలో మొదట వేరుచేయబడినది ఇదియే. దానిని తయారుచేయుమని ఆజ్ఞాపించునది ఎవరు? 1960లో ఆస్ట్రేలియాలో పాలెగ్, జపానులో యోమో వేర్వేరుగా దీనికి సమాధానమును కనుగొనిరి. బార్లీ గింజలోని పిండము నీరు త్రాగి జిబ్బరెల్లిన్ అను హార్మోనును పంపును. అది అందగానే గింజ పైపొరలోని కణములు ఎంజైమును తయారుచేయును.

అయితే నీరు, గాలి, వెచ్చదనము ఉన్నను కొన్ని గింజలు మేల్కొనవు. 1879లో అమెరికాలోని మిషిగన్‌లో బీల్ అను ఆచార్యుడు కలుపుజాతుల గింజలను ఇసుకతో కలిపి ఇరువది సీసాలలో పాతిపెట్టెను. 2021లో ఒక సీసాను త్రవ్వితీయగా, నూట నలువది ఏండ్లకు పైగా గడచినను కొన్ని గింజలు మొలచినవి. 1952లో బోర్త్‌విక్ బృందము, ఒకజాతి లెట్యూస్ గింజలను ఎఱ్ఱని కాంతి మేల్కొల్పుననియు, దూరపు ఎఱుపు కాంతి మరల నిద్రపుచ్చుననియు చూపినది. దున్నిన వెంటనే చేనిలో కలుపు మొలచుటకు ఒక కారణ మిదియే; మట్టి తిరుగబడినప్పుడు కలుపుగింజకు వెలుతురు తగులును.

ఇందులో గ్రహింపదగిన విషయ మొకటి కలదు. అడవిగడ్డి తన గింజల నన్నిటిని ఒకే వానకు మేల్కొలుపదు. కొన్ని మొలచి ఎండినను, కొన్ని మట్టిలో నిద్రించి వంశమును నిలుపును. కాని మన పంటగింజలు అట్లు కావు. వేలయేండ్లు రైతులు వెంటనే మొలచిన మొక్కలనుండియే గింజలను తీసి దాచిరి. దానితో పంటగింజలలో నిద్ర తగ్గినది. చేను ఒకేసారి మొలచుట మనకు లాభమే. అయితే తడి తగిలిన వెంటనే అన్నియు ఒక్కుమ్మడి లేచును; వాన మోసము చేసినచో అన్నియు పోవును. విత్తనము మరచిన ఓర్పును రైతు వహింపవలసి యున్నది.

ఈ లేచుటలో ఒక గట్టు ఉన్నది. గింజ నీరు పీల్చి ఉబ్బినంతవరకు తిరిగి ఆరినను సాధారణముగా బ్రతుకును. వేరు పైకవచమును చీల్చుకొని సాగిన పిమ్మట ఆరినచో ఇక బ్రతుకదు. చిన్నవాన విత్తనమును ఈ గట్టు దాటించి విడిచిపెట్టును. బరువు నేలలలో 60 నుండి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోతుగా తడిసిన తరువాతనే విత్తవలెనని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుట ఇందువలననే.

విత్తనమునకు కూడ పరీక్ష అవసరము. 1869లో జర్మనీలోని థరంట్‌లో నోబె మొదటి విత్తన పరీక్షాకేంద్రమును స్థాపించెను. మనదేశములో 1966లో విత్తనచట్టము వచ్చినది. ధ్రువీకరించిన జొన్న విత్తనము నూటికి కనీసము 75, సోయాచిక్కుడు 70 మొలకెత్తవలెను.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలోనే చేయింపవచ్చును. ఇంట దాచిన జొన్నలలో నూరు గింజలను తడిగుడ్డలో చుట్టి, తడి ఆరకుండ చూచి, పదవనాడు లెక్కింపుడు. పిదప మరికొన్ని గింజలను రెండు భాగములు చేసి, ఒకదానిని ఆరుగంటలు నానబెట్టి నీడన ఆరబెట్టుడు. రెండవదానిని వేరు వ్రేలి గోరంత సాగువరకు ఉంచి ఆరబెట్టుడు. రెండు భాగములను మరల తడిపి చూడుడు. ఏ భాగము లేచును, ఏది లేవదు అను విషయమును విద్యార్థి ఒకసారి కన్నులార చూచినచో, తొలకరినాడు ఇంటిలో జరుగు ఆలోచనలో అతని మాటకు కూడ విలువ కలుగును.